బండి సాక్ష్యం ఒక్కరోజుది కాదు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వ్యాను సంగతి మీద మాటలు కొంచెం వేడిగానే సాగాయి. "అయ్యగారు మెరిసే బండిని వదిలేసి, గీతలు పడ్డ బండికి ముప్పై ఐదు వేలు ఎక్కువ పెట్టమంటున్నారు" అని కొందరు అన్నారు. అనడంలో తప్పు లేదు. ఆ డబ్బు మిర్చి కోత కూలీలోంచి, తునికాకు కట్టల్లోంచి వచ్చింది. దానికి లెక్క అడిగే హక్కు మీకుంది, చెప్పే బాధ్యత నాకుంది. అందుకే రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం, వేరే చోట సేవలో ఉన్నప్పుడు, ఒక పాత వ్యాను కొన్నాం. అమ్మినాయన ఎఫ్‌సీ కాగితం చూపించాడు. గడువు ఇంకా ఏడు నెలలుంది. "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి పాస్ చేసిన బండి, ఇంకేం చూడాలి?" అనుకున్నాను. వానాకాలంలో ఒక వాగు దిగేటప్పుడు బ్రేకు పట్టలేదు. బండి చెట్టుకు తగిలి ఆగింది. ఇద్దరు అక్కలకు చేతులు విరిగాయి. ఆ రోజు కూడా ఎఫ్‌సీ కాగితం బండిలోనే ఉంది, గడువు కూడా ఉంది. అప్పటినుంచి ఆ కాగితాన్ని వేరే కళ్లతో చూస్తున్నాను.

ఎఫ్‌సీ దొంగ కాగితమని నేననడం లేదు. అది చెప్పేది ఒక్కటే: ఆ రోజు, ఆ పరీక్షలో బండి నిలబడింది. అంతకుముందు ఎలా నడిచిందో, ఆ తర్వాత ఎలా నడుస్తుందో అది చెప్పదు. పరీక్ష రోజుకు మంచి టైర్లు తెచ్చి వేసి, ఇంటికొచ్చి తీసేసేవాళ్లు ఉంటారని మెకానిక్‌లే చెబుతుంటారు. సంఘంలోనూ ఇంతే కదా. ఒక్క ఆదివారం నిలబడి చెప్పిన చక్కటి సాక్ష్యం విని మనం పెద్దను ఎన్నుకోం. ఆ మనిషి ఏళ్ల తరబడి ఎలా బతికాడో ఇరుగుపొరుగును అడుగుతాం.

ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్న మన సంఘపు తమ్ముడొకడు ఫోన్లో ఒక మాట చెప్పాడు. అక్కడ కారుకు మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ అనే పరీక్ష చేయించాలట. నంబరు కొడితే చాలు, ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరికైనా ఉచితంగా కనిపిస్తుంది: ఏ సంవత్సరం పాసైంది, ఏ సంవత్సరం ఫెయిలైంది, ఎందుకు ఫెయిలైంది, అప్పటికి మీటరు మీద ఎంత తిరిగింది, త్వరలో ఏది చూసుకోవాలి. మన దగ్గర కొనేవాడి చేతికి వచ్చేది పాసైన కాగితం, గడువు తేదీ. ఫెయిలైన రోజుల కథ దాంట్లో ఉండదు. కాబట్టి ఆ చరిత్రను మనమే ఏరుకుని కూర్చుకోవాలి.

ఎలా కూర్చాలో చెబుతాను. రేపు మీరు సొంతానికి బండి కొన్నా పనికొస్తుంది.

మొదట ప్లేటు రంగు చూడండి. పసుపు ప్లేటు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాలి. తెల్ల ప్లేటు సొంత బండికి మొదటి రిజిస్ట్రేషనే పదిహేనేళ్లకు ఇస్తారు. ఫిట్‌నెస్ పరీక్ష ఆ గడువు తీరి రెన్యువల్ చేయించుకునేటప్పుడే. అంటే పన్నెండేళ్ల తెల్ల ప్లేటు వ్యానుకు పరీక్షల చరిత్ర అంటూ ఏదీ ఉండదు. "సొంత బండి, జాగ్రత్తగా వాడాం" అన్న మాటకు ఆధారం సర్వీసు బిల్లులే.

రెండోది, తేదీలన్నీ వరసగా ఒక కాగితం మీద రాసుకోండి. ఎఫ్‌సీలు, ఇన్సూరెన్సులు, పన్ను, పొల్యూషన్ కాగితాలు. ఖాళీ ఎక్కడుందో చూడండి. కరోనా కాలపు ఖాళీని తప్పు పట్టకండి. అప్పుడు కేంద్రమే బండి కాగితాల గడువును పెంచుకుంటూ 2021 అక్టోబరు 31 వరకు పొడిగించింది. మిగతా ఖాళీలకు మాత్రం జవాబు కావాలి. ఆ నెలల్లో బండి ఎక్కడుంది? షెడ్డులో ఉందా, యాక్సిడెంట్ అయ్యిందా, నీళ్లలో మునిగిందా?

నీళ్ల మాట మన ప్రాంతంలో తేలిగ్గా తీసుకునేది కాదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అదే. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు ఇళ్లనే ముంచాయి. ఆ వీధుల్లో నిలిపిన బళ్లు ఏమయ్యాయి? కడిగి, ఆరబెట్టి, రంగు వేస్తే బయటికి కొత్తగానే కనిపిస్తాయి. లోపల వైర్లు మాత్రం మెల్లగా తుప్పు పడతాయి. అందుకే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద చార ఉందేమో. సీటు కింది బోల్టులకు తుప్పు ఉందేమో, కార్పెట్ కింద ఒండ్రు ఉందేమో, హెడ్‌లైటు లోపల తేమ పట్టిందేమో చూడండి.

మూడోది, పాత ఇన్సూరెన్స్ పాలసీలు అడగండి. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్న బండికి, క్లెయిమ్ చేయకపోతే ఏటా నో క్లెయిమ్ బోనస్ పెరుగుతూ పోతుంది. యజమాని మారకుండానే అది ఒక ఏడాది సున్నాకు పడితే, ఆ ముందు ఏదో జరిగి ఉండవచ్చు. అడగండి. నిజం చెప్పేవాడికి ఆ ప్రశ్నతో ఇబ్బంది ఉండదు.

నాలుగోది, సీ బుక్‌లో పేరు, అమ్మే మనిషి పేరు ఒకటేనా? చట్టం ప్రకారం అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలి, అదే రాష్ట్రంలో కొన్నవాడు ముప్పై రోజుల్లో పేరు మార్పించుకోవాలి. చాలామంది 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని అలాగే చేతులు మారుస్తుంటారు. అలా ముగ్గురి చేతులు దాటిన బండి చరిత్ర మధ్యలోనే తెగిపోతుంది. పైగా ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాడే యజమానిగా బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. ఫైనాన్స్ తీరిందో లేదో కూడా అక్కడే చూడండి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదివీ సీ బుక్‌లోవీ కలపండి.

ఇవన్నీ అయ్యాకే మెకానిక్‌ను తీసుకెళ్లండి. మనం వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే ఎందుకో అడగండి.

ఇప్పుడు మన రెండు బళ్ల సంగతి. రెండూ పసుపు ప్లేటువే, రెండూ 2016వే. మొదటిది అద్దంలా ఉంది, ఎఫ్‌సీ రెండు వారాల కిందట చేయించారు. తేదీలు రాసి చూస్తే 2022 జులైలో గడువు తీరింది, మళ్లీ ఎఫ్‌సీ 2024 మార్చిలో. ఇరవై నెలలు. అడిగితే "ఊరికే పక్కన పెట్టాం" అన్నారు. నిజమే కావచ్చు. అది మునిగిన బండి అని నేననను, నాకు ఆధారం లేదు. కానీ ఒక్క బిల్లు లేదు, ఒక్క పాత పాలసీ లేదు. ఆ ఇరవై నెలలకు సాక్షి లేడు.

రెండోదానికి తలుపు మీద గీతలున్నాయి. యజమాని ఒక రెక్సిన్ సంచి తెచ్చి బల్ల మీద బోర్లించాడు. క్లచ్ ప్లేట్ల బిల్లు, రేడియేటర్ బిల్లు, టైర్ల బిల్లులు. మేం అడక్కముందే, "పోయినసారి ఎఫ్‌సీలో బ్రేకు ఫెయిలైంది సార్, లైనర్లు మార్పించి మళ్లీ తీసుకెళ్లాను" అన్నాడు. ఆ బిల్లు కూడా ఉంది. మీలో కొందరు ఆ మాటనే పట్టుకుని "ఫెయిలైన బండి" అన్నారు. నాకైతే ఆ మాటే నమ్మకం కలిగించింది. దీని తప్పు ఏమిటో తెలుసు, దాన్ని సరిచేశారని తెలుసు. మొదటిదాని తప్పు ఏమిటో మనకే కాదు, బహుశా అమ్మేవాడికీ తెలియదు.

యెహోషువ గ్రంథం 9వ అధ్యాయం మనం చదివిందే. గిబియోనువాళ్లు చిరిగిన గోనెలు, బూజు పట్టిన రొట్టెలు చూపించి దూరదేశం నుంచి వచ్చామన్నారు. పెద్దలు రొట్టె చూశారు కానీ దేవుణ్ణి అడగలేదు. వాళ్లు చెప్పిన మాట నిజమో కాదో విచారించలేదు. మూడు రోజుల తర్వాత నిజం తెలిసినా, చేసిన ప్రమాణం చేసినట్టే ఉండిపోయింది. వాళ్లు కొత్తదాన్ని పాతదిగా చూపించారు, ఇక్కడ పాతదాన్ని కొత్తదిగా చూపిస్తారు. మోసపోయేది మాత్రం ఒకే దారిలో: కంటికి కనిపించినదానితోనే తీర్పు చెప్పేసి.

ఇంకో మాట, కొనేవాళ్లుగా కాదు, అమ్మేవాళ్లుగా. మనలోనూ ఎద్దును, మోటారు సైకిలును అమ్మేటప్పుడు కుంటు దాచినవాళ్లం, బోరుకొచ్చిన ఇంజిను మాట మింగినవాళ్లం ఉన్నాం. రెండు రకాల తూకపు రాళ్లు సంచిలో పెట్టుకోవద్దని ధర్మశాస్త్రం చెప్పింది బజారువాళ్లకు మాత్రమే కాదు. తప్పు దాచి అమ్మిన బండిలో రేపు ఎవరి బిడ్డ కూర్చుంటుందో మనకు తెలియదు.

ఈ వ్యానులో కూర్చునేది ఎవరు? అడవి పల్లెల నుంచి ఆరాధనకు వచ్చే ముసలివాళ్లు. నొప్పులొచ్చి రాత్రిపూట భద్రాచలం పోవాల్సిన చెల్లెళ్లు. బొగ్గు లారీల మధ్య మణుగూరు దారిలో, వాన కురిసే రాత్రి, బ్రేకు మీద కాలు పెట్టినప్పుడు ఆ ముప్పై ఐదు వేల విలువ తెలుస్తుంది.

వచ్చే ఆదివారం సంఘమే తీర్మానించాలి. ఎక్కువమంది ఏమంటే అదే, నేను అలగను. రెండో బండినే తీసుకుంటే మాత్రం నాదొక మనవి. ఆ రెక్సిన్ సంచి కూడా అడిగి తెచ్చుకుందాం. మనం చేయించే ప్రతి రిపేరూ తేదీతో, మీటరు లెక్కతో ఒక పుస్తకంలో రాద్దాం. ఏదో ఒక రోజు ఈ బండిని మనమూ అమ్ముతాం. ఆ రోజు కొనేవాళ్ల ముందు ఆ సంచిని మనమూ భయం లేకుండా బోర్లించాలి.

ప్రభువు మిమ్మల్ని, మీ ప్రయాణాలను కాపాడును గాక.

మీ సేవకుడు,
పినపాక