బేరం కుదిరాక మాట మారిస్తే...

బేరం కుదిరింది. అడ్వాన్సు ముట్టింది. 'రేపు మీ పేరున మార్చేస్తా'నన్న పెద్దమనిషి మర్నాడు ఫోనెత్తడు. ఎత్తినా 'ఇంకొకరు ఎక్కువిస్తామంటున్నారు' అంటాడు. ఇళ్లస్థలాల్లో ఇది పాత కథే. వెబ్‌సైట్ పేర్ల(డొమైన్ల) అమ్మకాల్లోనూ అదే తంతు. విజయవాడలో పచ్చళ్లు అమ్మే ఓ గృహిణికి ఇలా జరిగిందనుకోండి. సీసాల మీద లేబుళ్లు కూడా అచ్చయ్యాయి. పేరు మాత్రం చేతికి రాలేదు. ఇప్పుడేం చేయాలి?

స్టాంపు పేపరు మీద రాసుకోలేదని కంగారు పడక్కర్లేదు. ఏ పేరు, ఎంత ధర, ఎప్పటికి అన్నది మెయిళ్లలో స్పష్టంగా ఉంటే అదే ఒప్పందం. ట్రైమెక్స్-వేదాంత కేసులో 2010లో సుప్రీంకోర్టు మెయిళ్లలో కుదిరిన ఒప్పందం చెల్లుతుందనే చెప్పింది. ధరే తేలకపోతే మాత్రం అది ఉత్త బేరమే!

మొదట లాయరు నోటీసు ఇవ్వాలి. దానికీ దిగిరాకపోతే రెండు దారులున్నాయి. పేరే కావాలంటే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఒప్పందాన్ని అమలు చేయించమని కోర్టునడగొచ్చు. ఒకప్పుడిది జడ్జిగారి విచక్షణ. 2018 సవరణ తరవాత కొన్ని మినహాయింపులు పోను, అమలు చేయించడమే నియమం. అయితే మిగతా సొమ్ము చెల్లించడానికి తాను మొదట్నుంచీ సిద్ధమేనని కొనేవారు నిరూపించుకోవాలి. ఈలోగా పేరు వేరొకరికి అమ్మకుండా ఇంజంక్షన్ కోరడం మరీ ముఖ్యం.

పేరు వద్దు, డబ్బొస్తే చాలనుకుంటే కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ఉంది. అడ్వాన్సుతోపాటు, మాట తప్పడంవల్ల నేరుగా కలిగిన నష్టాన్నీ రాబట్టుకోవచ్చు. 'ఆ పేరుంటే కోట్లు గడించేదాన్ని' అంటే మాత్రం కుదరదు, లెక్క చూపాలి.

పోలీసుల దగ్గరికెళ్తే? మాట తప్పిన ప్రతివాడూ మోసగాడు కాడు. మొదట్నుంచీ దురుద్దేశం ఉంటేనే అది చీటింగ్ కేసు. డొమైన్ వివాదాలకున్న ప్రత్యేక మధ్యవర్తిత్వమూ ఇక్కడ అక్కరకు రాదు. అది ఇతరుల ట్రేడ్‌మార్కును దురుద్దేశంతో రిజిస్టర్ చేసుకున్నవారి కోసం.

గడువు మూడేళ్లు. అప్పగిస్తానన్న తేదీ నుంచి, తేదీ లేకపోతే ఇవ్వనన్న సంగతి తెలిసినప్పట్నుంచి లెక్క. అందుకే మెయిళ్లూ, బ్యాంకు రసీదులూ భద్రం.

అసలీ తిప్పలే వద్దనుకుంటే, సొమ్మును ఎస్క్రోలో పెట్టడం మేలు. పేరు చేతికొచ్చాకే మధ్యవర్తి దగ్గర్నుంచి డబ్బు అవతలివాళ్లకు చేరుతుంది. కాస్త రుసుము పోతుంది కానీ, కోర్టు మెట్లెక్కే పని తప్పుతుంది!