బండి చెడితే లైసెన్సు పోతుందా?

మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఒక డీటీపీ సెంటరు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి, ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో తిరిగొస్తుంది. కంప్యూటరు ఇక లేవదు. మెకానిక్ వచ్చి మూత విప్పి చూసి చెప్పే మాట దాదాపు అన్నిచోట్లా ఒకటే: "మదర్‌బోర్డు కాలిపోయిందన్నా. అందులోవి ఇంక రావు. కొత్త సీపీయూ తీసుకో, క్రాక్ ఎక్కించి ఇస్తా." యజమాని సరేనంటాడు. ఏళ్ల కిందట బిల్లు కట్టి కొన్న సాఫ్ట్‌వేరు మీద తనకున్న హక్కును ఆ ఒక్క మాటతో వదిలేసుకుంటాడు.

బోర్డుతో పాటు హక్కూ పోతుందన్న ఈ నమ్మకం తప్పు. ఇంజను పట్టేసినంత మాత్రాన డ్రైవింగ్ లైసెన్సు రద్దు కాదు. పాసుపుస్తకాన్ని చెదలు తింటే పొలం పోదు, నకలు తెచ్చుకుంటాం. 1970లో మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి విడిపోయి కొత్త ఒంగోలు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. కలెక్టరు కచేరీ కర్నూలు నుంచి ఒంగోలుకు మారింది కానీ ఎవరి చేను వాళ్లదిగానే ఉంది. సాఫ్ట్‌వేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం హక్కు మనిషిది కాదు, కాలిపోయిన బోర్డుదని ఎందుకు ఒప్పుకోవాలి?

కంపెనీల వాదన ఒకటుంది: మీరు కొన్నది వస్తువు కాదు, వాడుకునే అనుమతి మాత్రమే అని. ఆ వాదనకు గట్టి జవాబు మన రాష్ట్రం కేసులోనే ఉంది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య అమ్మకపు పన్ను వివాదంలో 2004 నవంబరు 5న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. డిస్కుల్లో పెట్టి అంగట్లో అమ్మే సాఫ్ట్‌వేరు సరుకే, దానిమీద పన్ను చెల్లుతుందని ఆ తీర్పు సారాంశం. 2021 మార్చి 2న అదే కోర్టు, విదేశీ కంపెనీల రెడీమేడ్ సాఫ్ట్‌వేరుకు ఇచ్చే సొమ్ము రాయల్టీ కాదని కూడా తేల్చింది. యూరప్‌లో 2012 జులై 3న అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఇంకా ముందుకు వెళ్లింది. ధర తీసుకుని కాలపరిమితి లేకుండా ఇచ్చిన లైసెన్సు అమ్మకం కిందికే వస్తుందని, కొన్నవాడు దాన్ని మరొకరికి అమ్ముకోవచ్చని చెప్పింది. ఇవి పన్నులకూ మారు అమ్మకాలకూ సంబంధించిన తీర్పులే, నిజమే. అయినా పన్ను వసూలు చేసే రోజున సరుకైనది బోర్డు కాలిన రోజున గాలిలో కలిసిపోతుందనడం న్యాయం కాదు.

మన 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను సంగతి ఈ ప్రాంతంలో చాలామంది వినలేదు. ప్రోగ్రామును సక్రమంగా కొన్నవారు నష్టం నుంచి కాపాడుకోవడానికి బ్యాకప్ కాపీ తీసి పెట్టుకోవచ్చని అది స్పష్టంగా చెబుతోంది. అదే చట్టం 63బి సెక్షను ప్రకారం, దొంగ కాపీ అని తెలిసీ వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. "క్రాక్ ఎక్కించి ఇస్తా" అన్న ఆ మంచి మాట, బిల్లున్న కొనుగోలుదారును నేరస్థుల వరసలో నిలబెడుతోంది.

పాతది పట్టుకుని వేలాడటం ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటారు. డీటీపీ పని చేసేవాళ్లను అడిగితే ఎందుకో తెలుస్తుంది. ఇరవై ఏళ్ల పెళ్లికార్డులు, బడి ప్రశ్నపత్రాలు, ఎన్నికల కరపత్రాలు, తిరునాళ్ల పోస్టర్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఉన్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. ఫాంటు లేకుండా ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7, 2001లో వచ్చింది. ఆ ఫైళ్లను ఇన్‌డిజైన్ సీఎస్6 దాకా వచ్చిన వెర్షన్లు తెరవగలిగాయి, ఆ తర్వాతివి తెరవవు. నెలనెలా చందా కట్టినా తన పాత పని తనకు కనబడదన్నమాట.

మరి తిరిగి తెచ్చుకోవడం ఎలా? ముందు తెలుసుకోవాల్సింది, బోర్డు కాలితే హార్డ్‌డిస్క్ కాలినట్టు కాదు. దాన్ని విప్పి మరో కంప్యూటరుకు రెండో డిస్కుగా తగిలిస్తే, పాత విండోస్ రిజిస్ట్రీ ఫైలు అందులోనే దొరుకుతుంది. ప్రొడక్ట్ కీని చదివే చిన్న ప్రోగ్రాములకు ఆ ఫైలు చూపిస్తే చాలు. ఆఫీస్ 2010 దాకా పూర్తి కీ అందులోనే ఉంటుంది. 2013 నుంచి చివరి ఐదు అక్షరాలే మిగులుతాయి, అక్కడ ఈమెయిలు ఖాతానో బిల్లో ఆధారం. పేజ్‌మేకర్ 7కు ఆన్‌లైన్ యాక్టివేషన్ గొడవే లేదు, సీడీ, డబ్బా మీది సీరియల్ నంబరు ఉంటే సరిపోతుంది. ట్యాలీకి సీరియల్ నంబరు, రిజిస్టరు చేసిన ఈమెయిలు కావాలి. చిక్కల్లా ఇక్కడే వస్తోంది. ఆ ఈమెయిలు చాలాసార్లు కొట్టు యజమానిది కాదు, ఎప్పుడో మానేసి వెళ్లిన అకౌంటెంటుదో అమ్మిన ఏజెంటుదో అయి ఉంటుంది. పలకల వ్యాపారి అయినా కిరాణా కొట్టు వారైనా ఈ ఒక్క విషయం ఇవాళే సరిచూసుకోవాలి.

అవతలి పక్షం మాటల్లో నిజమున్నవీ ఉన్నాయి. కంప్యూటరుతో పాటు చవగ్గా వచ్చే ఓఈఎం విండోస్ ఒప్పందం ప్రకారం ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది, విడిగా కొన్న రిటైల్ కాపీ అలా కాదు. పాత విండోస్‌తో ఇంటర్నెట్ వాడటం ప్రమాదమన్నదీ నిజమే. 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ దాడికి మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కూడా గురయ్యాయి. దానికి మార్గం ఆ యంత్రానికి నెట్ వైరు పెట్టకపోవడం. కొన్నవాడి హక్కును కొట్టేయడం కాదు.

కంపెనీలు తలచుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. క్రియేటివ్ సూట్ 2 యాక్టివేషన్ సర్వర్లు మూసేసినప్పుడు, 2013 జనవరిలో అడోబీ యాక్టివేషన్ అక్కర్లేని కాపీలను, సీరియల్ నంబర్లను పాత కొనుగోలుదారుల కోసం బయటపెట్టింది. అమ్మడం మానేసిన ప్రతి కంపెనీ ఈ పని చేసి తీరాలని చట్టం ఉండాలి.

అంతవరకూ చేయగలిగింది మన చేతుల్లో ఉంది. చచ్చిందనుకున్న సీపీయూను పాత సామాన్లవాడికి వేసే ముందు డిస్కు విప్పి దాచండి. ఆ సీపీయూ డబ్బాను ఒకసారి పక్కకు తిప్పి చూడండి. ఎక్స్‌పీ, విండోస్ 7 కాలం నాటిదైతే కీ ఉన్న స్టిక్కరు ఇంకా అక్కడే అంటుకుని ఉంటుంది.