వాయించుటయే యతని పనియా?

"వాద్యగాడు వాద్యమును చూచుకొనవలెను, రాజకీయములు వానికేల?" అని అమెరికాదేశమున కొందఱు పెద్దమనుష్యులు గిటారు విద్వాంసుడగు టామ్ మొరెల్లోకు ముప్పది యేండ్లకు పైగా బుద్ధి గఱపుచున్నారు. సబ్బు లమ్మువానిని, ఇనుము పోతపోయించు షావుకారును శాసనసభకు పోవలదని వీరెన్నడైన వారించిరా?

మొరెల్లో 1964లో న్యూయార్కున జన్మించెను. తండ్రి కెన్యా దౌత్యోద్యోగి, తల్లి ఉపాధ్యాయిని. 1986లో హార్వర్డున పట్టభద్రుడై, సెనేటరు ఆలన్ క్రాన్‌స్టన్ కార్యాలయమున కొలువు చేసెను. ధనికులను విరాళములకై టెలిఫోనులో యాచించుటతోనే దొరవారి దినము గడచుట నచ్చట కన్నులార చూచెను. అట్టివానికా రాజకీయములు తెలియవనుట!

1991లో లాస్ ఏంజెలిస్‌లో "రేజ్ అగెయిన్‌స్ట్ ది మెషీన్" మేళము నెలకొల్పబడినది. నిరాశ్రయులకు ఆయుధము లిండని యతడు గిటారుపై వ్రాసికొనెను. 2000 జనవరిలో మైకేల్ మూర్ చలనచిత్రము తీయుచుండ వీరు న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజి యెదుట వాయింపగా, ఆ కుబేరభవనమువారు పట్టపగలే తలుపులు మూసికొనిరి. ఆ యాగస్టున డెమొక్రాట్ల మహాసభ వెలుపల వాయించిరి; 2008లో రిపబ్లికన్ల మహాసభవేళ పోలీసులు వాద్యములను వలదనగా మెగాఫోనుతో పాడిరి. ఏ పక్షమునకు వీరు బంట్లో ప్రతిపక్షులే చెప్పవలెను. 2012లో ఉపాధ్యక్షపదవికి నిలిచిన పాల్ రయన్ ఈ మేళము తనకిష్టమనగా, మేము ధిక్కరించు యంత్రము తామేయని మొరెల్లో బదులు వ్రాసెను.

ఒక్క యాక్షేపణ మాత్రము బలమైనది. ధనస్వామ్యమును తిట్టు నీ రికార్డులను అమ్మినది సోనీ సంస్థ కాదా? నిజమే. 2009 క్రిస్మసునకు ఆంగ్లప్రజలు టెలివిజను పోటీవిజేత పాటను కాదని వీరి పాత పాటను కొని ప్రథమస్థానమున నిలిపిరి. వచ్చిన సొమ్ములో తమ భాగమును మేళమువారు నిరాశ్రయుల సంస్థకిచ్చి, 2010 జూనులో లండనున ఉచితముగా కచేరి చేసిరి. అయినను గెలిచిన పాటకును, ఓడిన పాటకును యజమాని సోనీయే! ఈ మచ్చను మేము కప్పిపుచ్చము. కాని కూలిచ్చువాడు ధనికుడైనంత మాత్రమున కూలివాడు నోరు మూసికొనవలెనని యే ధర్మశాస్త్రమున నున్నది?

2011 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ గవర్నరు ప్రభుత్వోద్యోగుల సమష్టిబేరపు హక్కును హరింప బూనగా, మొరెల్లో మాడిసన్ నగరమునకేగి చలిలో పాడెను. మార్చిలో ఆ బిల్లు చట్టమైనది. పాట దాని నాపలేదు; న్యాయస్థానములకెక్కిన మా వృత్తివారును అప్పుడాపలేకపోయిరి. వారినెవ్వరును రాజకీయములు మాని యింట కూర్చుండుడనలేదు.