తక్కువ నేరాల ఊరు ఎవరికి భద్రం?

అమెరికాలోని చిన్న పట్టణాల గురించి తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇక్కడ రాత్రిపూట తలుపులకు గడియ కూడా పెట్టుకోం." ఆ మాటకు తోడుగా ఒక పట్టిక చూపిస్తారు. లక్ష జనాభాకు ఎన్ని హత్యలు, ఎన్ని దోపిడీలు అని లెక్కగట్టి ఫలానా ఊరు భద్రమైనదని తేలుస్తారు. ఇల్లు కొనేవాళ్లు, పిల్లలకు బడి వెతికేవాళ్లు ఆ లెక్కనే నమ్ముతారు. అమ్మాయిని అక్కడి సంబంధానికి ఇస్తున్న మన తల్లిదండ్రులూ ఆ మాట విని నిశ్చింతగా ఉంటారు. అయితే గడియ పెట్టని ఆ తలుపు లోపల ఉన్న స్త్రీ ఎంత భద్రంగా ఉందో ఈ పట్టిక చెబుతుందా? చెప్పదు. చెప్పకపోవడం పొరపాటున జరిగింది కాదు, లెక్క వేసే పద్ధతిలోనే ఉంది.

కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నగరానికి దక్షిణంగా కాసిల్ రాక్ అనే పట్టణం ఉంది. 2000 జనాభా లెక్కల నాటికి అక్కడ సుమారు 20 వేల మంది ఉండేవారు. చుట్టూ ఉన్న డగ్లస్ కౌంటీ అమెరికాలో సంపన్నమైన కౌంటీలలో ఒకటి. ఆ ఊళ్లో ఉండే జెసికా గొంజాలెస్ 1999 మే నెలలో భర్త నుంచి తనకూ తన ముగ్గురు కూతుళ్లకూ కోర్టు ద్వారా రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది. జూన్ 4న కోర్టు దాన్ని శాశ్వతం చేసింది. ఉత్తర్వును ఉల్లంఘిస్తే పోలీసులు అరెస్టు చేయాలని ఆ రాష్ట్ర చట్టం చెబుతోంది. ఆ ఆదేశం ఉత్తర్వు కాగితం వెనకే అచ్చయి ఉంది.

జూన్ 22 సాయంత్రం ఇంటి ముందు ఆడుకుంటున్న పిల్లలను తండ్రి చెప్పకుండా తీసుకువెళ్లాడు. రాత్రి ఏడున్నరకు ఆమె పోలీసులకు ఫోను చేసింది. ఇంటికి వచ్చిన ఇద్దరు పోలీసులకు ఉత్తర్వు చూపించింది. తామేమీ చేయలేమనీ, 10 గంటల దాకా చూడమనీ చెప్పారు. ఎనిమిదిన్నర ప్రాంతంలో భర్తే ఫోనులో దొరికి, డెన్వర్‌లోని వినోద పార్కులో ఉన్నామన్నాడు. ఆ సంగతి చెప్పినా పోలీసులు కదలలేదు. 10 దాటాక మళ్లీ ఫోను చేస్తే అర్ధరాత్రి దాకా ఆగమన్నారు. అర్ధరాత్రి దాటాక ఆమె స్వయంగా స్టేషనుకు వెళ్లింది. ఫిర్యాదు రాసుకున్న అధికారి తర్వాత భోజనానికి వెళ్లాడు. తెల్లవారుజామున 3.20కి భర్త అదే స్టేషను ముందుకు వచ్చి, ఆ సాయంత్రమే కొన్న తుపాకితో కాల్పులు జరిపాడు. పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. అతని బండిలో ముగ్గురు పిల్లల శవాలు దొరికాయి.

ఇప్పుడు నేర గణాంకాల సంగతి చూద్దాం. అమెరికాలో ఈ లెక్కలను 1930 నుంచి ఎఫ్.బి.ఐ. సేకరిస్తోంది. పత్రికల్లో కనిపించే 'హింసాత్మక నేరాల రేటు'లో చేరేవి నాలుగే: హత్య, అత్యాచారం, దోపిడీ, తీవ్రమైన దాడి. ఆయుధం వాడకుండా, పెద్ద గాయం కాకుండా కొడితే అది 'సాధారణ దాడి' అవుతుంది. అది ఆ రేటులోకి రాదు. చెంపదెబ్బ, జుట్టు పట్టి ఈడ్చడం, గోడకు నెట్టడం, అంటే ఇంట్లో స్త్రీ ఏళ్ల తరబడి పడే హింసలో అధికభాగం ఈ 'సాధారణం' కిందే పోతుంది. బెదిరింపు, వెంటపడడం, కోర్టు ఉత్తర్వును ధిక్కరించడం కూడా అందులో చేరవు. ఆ రాత్రి భర్త స్టేషను ముందుకు వచ్చేదాకా జెసికా చేసిన ఫోన్లు ఎన్నయినా, వాటిలో ఒక్కటి కూడా ఈ రేటులో అంకెగా మారదు.

అత్యాచారానికి ఎఫ్.బి.ఐ. 1927 నాటి నిర్వచనాన్నే 2012 దాకా పాటించింది. దాని ప్రకారం బలప్రయోగం ఉంటేనే అది నేరం. స్పృహలో లేని స్త్రీపై జరిగింది ఆ మాటల్లో సరిగా ఇమడేది కాదు. పెళ్లిలో జరిగే అత్యాచారం 50 రాష్ట్రాలలోనూ నేరంగా గుర్తింపు పొందేసరికి 1993 వచ్చింది. ఈ మార్పులన్నీ స్త్రీల ఉద్యమాలు పోరాడి సాధించినవే. అంతకుముందు కూడా ఆ నేరాలు జరుగుతూనే ఉన్నాయి. వాటికి పట్టికలో గడి లేదు, అంతే.

ఊరు చిన్నదయితే ఇంకో చిక్కు ఉంది. 20 వేల జనాభాలో మూడు హత్యలు జరిగితే లక్షకు 15 అవుతాయి. 1999లో దేశమంతటి సగటు 5.7 మాత్రమే. మరుసటి ఏడు హత్య జరగకపోతే రేటు సున్నాకు పడిపోయి, అదే ఊరు 'అత్యంత భద్రమైన' జాబితాకెక్కవచ్చు. ఆ ఏడాదిలో ఆ ఊరి పోలీసుల తీరు మారిందో లేదో ఆ సున్నా చెప్పదు. పోలీసు రికార్డులతో సంబంధం లేకుండా ఇంటింటికీ వెళ్లి అడిగే బాధితుల సర్వే అమెరికాలో 1973 నుంచి జరుగుతోంది. హింసాత్మక నేరాల్లో సగానికి పైగా పోలీసుల దాకా చేరడం లేదని ఇటీవలి సర్వేలు చెబుతున్నాయి. కానీ అది దేశం మొత్తానికి సరిపోయే నమూనా సర్వే. చిన్న ఊరి సంగతి దానిలో కనిపించదు.

జెసికా కోర్టుకెక్కింది. 2005 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా తీర్పు ఇచ్చింది. చట్టంలో 'అరెస్టు చేయాలి' అని ఉన్నా, చేయాలో వద్దో తేల్చుకునే విచక్షణ పోలీసులకు ఎప్పటినుంచో ఉందనీ, ఉత్తర్వును అమలు చేయించుకోవడం ఆమెకు రాజ్యాంగపరమైన హక్కు కాదనీ తీర్పు సారాంశం. ఆమె అక్కడితో ఆగకుండా అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లింది. అమెరికా ప్రభుత్వం ఆమె హక్కులనూ పిల్లల హక్కులనూ కాపాడలేదని ఆ కమిషన్ 2011లో తేల్చింది. పిల్లలు ఎప్పుడు, ఎక్కడ, ఎలా చనిపోయారో సరిగా దర్యాప్తు చేయాలని కూడా సిఫారసు చేసింది. అంటే పన్నెండేళ్ల తర్వాత కూడా ఆ ప్రశ్నలు అలాగే ఉన్నాయి. నేరాన్ని జరిగిన చోటి లెక్కలో రాయాలనేది నియమం. ఎక్కడ జరిగిందో తేల్చని మూడు చావులను ఏ ఊరి లెక్కలో రాస్తారు?

పోలీసులు కదిలిన చోట ఏమవుతుందో కూడా ఆలోచించాలి. కనెక్టికట్‌లోని టోరింగ్టన్ కూడా చిన్న పట్టణమే. అక్కడ ట్రేసీ థర్మన్ అనే స్త్రీ భర్త బెదిరింపుల గురించి పదే పదే ఫిర్యాదు చేసినా ఫలితం లేకపోయింది. 1983లో అతను ఆమెను కత్తితో పొడిచాడు. పరాయివాడు కొడితే ఒక తీరు, భర్త కొడితే ఒక తీరు అన్న పోలీసుల ధోరణి సమాన రక్షణ హక్కుకు విరుద్ధం కావచ్చునని 1984లో ఫెడరల్ కోర్టు ఆమె దావాను అనుమతించింది. 1986లో ఆ రాష్ట్రం గృహహింసలో అరెస్టును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఇలాంటి చట్టం నిజంగా అమలయితే రికార్డుల్లో కేసులు పెరుగుతాయి. అలా పెరిగిన అంకె ఊరు చెడిందని చెప్పదు, స్త్రీ మాటను రాసుకునేవాడు దొరికాడని చెబుతుంది.

మన అమ్మాయిలకు ఇది దూరపు సంగతి కాదు. హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్య అక్కడ ఉండగలగడం భర్త వీసా మీదే ఆధారపడి ఉంటుంది. 2015 దాకా ఆ వీసా మీద ఉద్యోగమే చేయకూడదు. ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటినవాళ్లకే ఆ వీలు. బస్సు లేని ఊళ్లో, కారు నడపడం రాక, చేతిలో సొంత డబ్బు లేక ఉన్న స్త్రీకి ఆ ఊరి దోపిడీల రేటు తక్కువగా ఉండడం ఏపాటి భరోసా? నేరానికి గురై దర్యాప్తుకు సహకరించిన వలస స్త్రీలకు 2000 నాటి చట్టం యూ-వీసా ఏర్పరచింది. గృహహింస ఆ నేరాల జాబితాలో ఉంది. ఈ విషయం పెళ్లికి ముందే అమ్మాయికి చెప్పేవాళ్లు మనలో ఎంతమంది? "సంసారం గుట్టు" అని నేర్పి పంపుతాం. అక్కడి పట్టిక కూడా ఆ గుట్టునే కాపాడుతుంది.

కాబట్టి ఊరు భద్రమా అని అడిగేటప్పుడు వేరే ప్రశ్నలు వేద్దాం. స్త్రీ ఫోను చేస్తే పోలీసు ఎంతసేపట్లో వస్తాడు? కోర్టు ఉత్తర్వులు ఎన్నిటిని అమలు చేశారు? ఆశ్రయ గృహం ఎంత దూరంలో ఉంది? ఆమె భాషలో మాట్లాడేవాళ్లు ఉన్నారా? ఉత్తర్వు పడిన మనిషి చేతిలో తుపాకి మిగిలి ఉందా? ఈ చివరి ప్రశ్నకు చట్టం బలం ఉంది. అలాంటివారి దగ్గర తుపాకి ఉండకూడదన్న ఫెడరల్ చట్టాన్ని 2024లో సుప్రీంకోర్టు ఎనిమిది ఒకటి తేడాతో సమర్థించింది. అక్కడ పనిచేస్తున్న మన స్త్రీల సంఘాలు తమ ఊరి పోలీసుల నుంచీ కౌన్సిల్ నుంచీ ఏటా ఈ జవాబులు రాబట్టాలి. ఇక్కడ మనం అమ్మాయిని పంపే ముందు ఇవే ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోవాలి.