గొంతు మీదే.. లోపం మైకుది!

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయిపోయింది. అడిగినవన్నీ తెలిసిన ప్రశ్నలే. అయినా అవతలివాళ్లు మూడుసార్లు 'మళ్లీ చెప్పండి' అన్నారు. కాల్ కట్ అయ్యాక మీకొచ్చే మొదటి అనుమానం ఏంటి? 'నా ఇంగ్లిష్ బాలేదేమో.. నా యాస అర్థం కాలేదేమో' అనే కదా! ఆ నిర్ణయానికి వచ్చేముందు చెవిలో ఉన్న బ్లూటూత్‌ను ఒకసారి అనుమానించండి.

పాటలు అంత బాగా వినిపించే ఇయర్‌బడ్స్ మన మాటను ఎందుకు పాడుచేస్తాయి? పాట వినేటప్పుడు శబ్దం ఫోన్ నుంచి చెవికి ఒకవైపే వస్తుంది. ఈ పద్ధతి పేరు ఏ2డీపీ. మైక్ ఆన్ చేయగానే శబ్దం రెండువైపులా నడవాలి. అందుకని చాలా హెడ్‌సెట్లు కాల్స్ కోసం పెట్టిన హెచ్‌ఎఫ్‌పీ పద్ధతికి మారిపోతాయి. ఇందులో పాత రకం ధ్వనిని సెకనుకు 8,000 సార్లే నమోదు చేస్తుంది, తర్వాత వచ్చింది 16,000 సార్లు. మామూలు వీడియో రికార్డింగ్‌లో అది 48,000. సెకనుకు 8,000 సార్లే అంటే 4,000 హెర్ట్జ్ దాటిన ధ్వని పోయినట్టే. 'స', 'ఫ'ల తేడా చెప్పే ధ్వని చాలావరకు ఆ పైనే ఉంటుంది. ఫోన్‌లో ఇంటిపేరు స్పెల్లింగ్ చెబితే 'ఎస్' కాస్తా 'ఎఫ్' అయిపోయేది అందుకే.

మన ప్రాంతంలో ఇంకో చిక్కూ ఉంది. కొల్లేరు చుట్టుపక్కల చేపలు, రొయ్యల చెరువులున్న ఊళ్లలో ఏరియేటర్ల మోత తప్పదు. ఆ మోతను తగ్గించబోయి కొన్ని హెడ్‌సెట్లు మీ మాటల చివరలు కూడా కోసేస్తాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం హాస్టళ్లలోనేమో ఒకే గదిలో నలుగురి ఫోన్లు. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. వైఫై కూడా అక్కడే ఉంటే రెండూ తోసుకుని మాట తెగుతుంది.

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ లేదు. ల్యాప్‌టాప్‌లో మాట్లాడుతుంటే మీటింగ్ యాప్ ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. స్పీకర్‌గా ఇయర్‌బడ్స్ ఉంచి, మైక్‌గా ల్యాప్‌టాప్‌ది ఎంచుకోండి. ఫోన్‌లో అయితే బ్లూటూత్ ఆపేసి, మైక్ ఉన్న వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. తలుపులు, ఫ్యాను, కిటికీ చూసుకోండి. గోడలు బోసిగా ఉన్న గదికన్నా పరుపు, దుప్పట్లు, బట్టలు ఉన్న గది మేలు, గొంతు ప్రతిధ్వనించదు. ముందురోజే అదే చోట, అదే మైక్‌తో అర నిమిషం రికార్డు చేసి వినండి. మీ పేరు, మీ ఊరు, ప్రాజెక్ట్ పేరు ఇంకొకరికి తేలిగ్గా అర్థమవుతున్నాయా? అదే అసలు పరీక్ష.

కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్‌కీ ఒక మాట. మాక్ ఇంటర్వ్యూలు పెడుతున్నారు, సంతోషం. వాటిని రికార్డు చేసి, అవతలివాళ్లకు ఎలా వినబడుతోందో విద్యార్థికే వినిపించండి. నిశ్శబ్దమైన ఒక గది, రెండు వైరు హెడ్‌సెట్లు ఏ కాలేజీకీ భారం కాదు.

ఇంగ్లిష్ మెరుగుపరుచుకోవడానికి నెలలు పడుతుంది. మైక్ మార్చడానికి నిమిషం చాలు. మొదటిది చేస్తూ ఉండండి, రెండోది మాత్రం ఇవాళే చేసేయండి. మీరు కష్టపడి నేర్చుకున్న జవాబు అవతలివాళ్ల చెవి దాకా చేరాలి కదా!