నల్లరాతి గట్టుపై తెల్లని మసక

గత సంవత్సరం మా వంటింటి గట్టుకు నల్ల గ్రానైటు వేయించుకున్నాము. అద్దంలా మెరిసేది వద్దని, నునుపు చేసి మెరుపు రానివ్వక విడిచిన మ్యాట్ రాయిని కోరాము. పని ముగించి వెళ్తూ మేస్త్రీ సీలర్ పూసి, "ఇక నూనె పడినా భయం లేదు" అన్నాడు. వారం తిరగకముందే గట్టంతా బూడిదరంగు చారలు తేలాయి. వేలు పెడితే ముద్ర, గ్లాసు పెడితే వలయం. తుడిచి తుడిచి ఇంట్లో ఆడవారి చేతులు నొచ్చాయి. పైగా "సరిగా తుడవడం లేదు" అన్న మాట కూడా వారే పడవలసి వచ్చింది. ఆ మాట అన్నది మేమే!

మేస్త్రీని పిలిస్తే మరో పూత పూశాడు. మసక రెట్టింపయింది.

సీలర్ అనేది గోడరంగులా పైన నిలిచే పూత కాదు. రాతిలోని సన్నని రంధ్రాలలోకి ఇంకి, నూనెకూ నీటికీ చోటు లేకుండా చేయవలసిన ద్రవం. లేత రంగు గ్రానైట్లలో చాలావరకు దానిని పీల్చుకుంటాయి. నల్లరాళ్ల తీరు వేరు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో లభించే చుక్కల గెలాక్సీ రాయినే చూడండి. వ్యాపారులు దానిని గ్రానైటు అంటారు గాని, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతికి చెందినది. అంత దట్టమైన రాయి సీలర్‌ను దాదాపు తాగదు. తాగనిది పైనే ఎండి పొరగా మిగులుతుంది. మ్యాట్ రాతిపై ఆ పొరలోని ప్రతి చారా కనబడుతుంది.

కనుక పూయడం కాదు, తీయడమే మార్గం. స్టౌ ఆర్పి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, తెల్లని నూలుగుడ్డను అసిటోన్‌తో తడిపి ముందుగా ఒక మూల రుద్దాము. అసిటోన్ ఇట్టే అంటుకునే ద్రవం. దగ్గర నిప్పురవ్వ కూడా ఉండరాదు. గుడ్డకు నల్లరంగు అంటితే రాతికి రంగు పూసి అమ్మారన్న మాట. అక్కడే ఆపి అమ్మినవారిని నిలదీయాలి. మా గుడ్డకు జిగురు మాత్రమే అంటింది. గుడ్డలు మారుస్తూ, కొంచెం కొంచెంగా రుద్దుతూ పోతే రెండు పూటలు పట్టింది. అసిటోన్‌కు లొంగని పూతలూ ఉంటాయి. వాటికి రాతి దుకాణాలలో దొరికే స్ట్రిప్పర్ వాడాలి.

తర్వాత నీటిచుక్క వేసి 15 నిమిషాలు ఆగాము. తుడిచి చూస్తే రాయి రంగు మారలేదు. అంటే దానికి అసలు సీలరే అక్కరలేదు! చుక్క కింద నల్లబడి ఉంటే, పలుచగా ఒక పూత పూసి, అది ఎండకముందే మిగులునంతా తుడిచివేయవలసి ఉండేది. ఆ రోజే ఇంట్లో క్షమాపణ కూడా చెప్పుకున్నాము.

వేలిముద్రలు ఇప్పటికీ పడుతున్నాయి. అది మ్యాట్ రాతి స్వభావం. గిన్నెలు తోమే ద్రవాన్ని నాలుగు చుక్కలు నీటిలో కలిపి తుడిచి, పొడిగుడ్డతో ఆరబెడితే చాలు. ఇనుప పీచు మాత్రం తాకించవద్దు. రుద్దినచోట మెరుపు మచ్చలు పడతాయి.

రాయి ఇంకా కొననివారు దుకాణంలో చిన్న ముక్క అడిగి తెచ్చుకోండి. దానిపై నిమ్మరసం, వంటనూనె చెరొక చుక్క వేసి, కొంతసేపు ఉంచి తుడవండి. నిమ్మరసం పడినచోట రంగు వెలిసినా, నూనె పడినచోట మరక నిలిచినా ఆ రాయి వంటగట్టుకు వద్దు.