బడి మైదానాన్ని కాపాడుకోవాలి

మైపాడు మొదలు తుమ్మలపెంట దాకా సముద్రపు ఒడ్డున పిల్లలకు ఇసుకే ఆటస్థలం. అయితే ఇసుకలో కాలు కూరుకుపోతుంది, బంతి దొర్లదు. ఫుట్‌బాల్ నేర్వాలంటే గట్టి నేల కావాలి. పల్లెల్లో అది బడి మైదానమే. బడి, కాలేజీ ఆటలు మనిషిని ఎంత దూరం తీసుకుపోతాయో రహీం మాస్టరు జీవితం చెబుతుంది.

1909లో హైదరాబాదులో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. అది మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. ఆయన తర్ఫీదులో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1 గోల్సుతో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

ఆయన పద్ధతులకు పెద్ద ఖర్చు లేదు. వాటం లేని కాలితోనే తన్నాలని ఒక పోటీ. బంతిని తనవద్ద ఉంచుకోక వెంటనే తోటివానికి అందించాలని మరో పోటీ. ఇవి మన బడుల్లోనూ జరపవచ్చు. కావలసింది బంతి, మాస్టరు, మైదానం.

బడి స్థలంలో వాములు వేయడం, కంచె జరుపుకోవడం పల్లెల్లో కొత్త కాదు. హద్దులు కొలిపించి రాళ్లు నాటించడానికి పంచాయతీలు పూనుకోవాలి. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని చోట ప్రభుత్వం నియమించాలి. ఊరి పెద్దలు, ఉపాధ్యాయులు ఒకచోట కూర్చుని ఈ విషయం వెంటనే తేల్చుకోవడం మంచిది.